మెయిలాయన పూచీ

పాలు పోసేవాణ్ణి పాలాయన అన్నట్టు యూనివర్సిటీలో ఆయన్ని అందరూ మెయిలాయన అనేవారు. ఇరవై ఒక్క ఏళ్లుగా అదే పేరు. అసలు పేరు జీతాల సెక్షను వాళ్లకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ఎవరైనా పొరపాటున ఆ పేరుతో పిలిస్తే ఆయన కూడా రెండో పిలుపుకి గానీ తల తిప్పేవాడు కాదు.

కంప్యూటర్ సెంటరులో మెట్ల కింద గది ఆయనది. పైకప్పు ఏటవాలుగా ఉండటంతో ఒక పక్క నిలబడొచ్చు, ఇంకో పక్క కూర్చోవడమే. మూడు తెరలు, ఒక టెలిఫోను, పనికిరాని కీబోర్డులు నింపిన అట్టపెట్టె. తలుపు మీద ఒక కాగితం: "పాస్‌వర్డు గట్టిగా చెప్పకండి. గోడ అవతల మనుషులున్నారు." ఆ కాగితం చదివి లోపలికి అడుగుపెట్టిన వాళ్లు కూడా ముందు చెప్పేది పాస్‌వర్డే.

ఏడువందల నలభై మంది సిబ్బందికి మెయిలు పెట్టెలు ఆయనే చూసేవాడు. నిండిపోయిన పెట్టెను ఖాళీ చేయించడం, పాస్‌వర్డు మర్చిపోయిన వాళ్లకు కొత్తది ఇవ్వడం, పోయిన ఉత్తరాలు వెనక్కి తేవడం. ఒకసారి ఫిజిక్సు ప్రొఫెసరు వగరుస్తూ వచ్చాడు.

"నా ఉత్తరాలన్నీ పోయాయయ్యా! పద్నాలుగేళ్లవి!"

"ఎక్కడ పెట్టారు సార్?"

"చెత్తబుట్టలో."

"చెత్తబుట్టలో ఎందుకు పెట్టారు సార్?"

"అక్కడైతే ఎవరూ వెతకరు కదా!"

మెయిలాయన నవ్వలేదు. రెండు రోజులు పాత బ్యాకప్పులు తిరగేసి పద్నాలుగేళ్ల ఉత్తరాలూ వెనక్కి తెచ్చాడు. 'ముఖ్యమైనవి' అని కొత్త అర చేసి అందులో సర్దిపెట్టాడు. నెల తిరక్కుండా ప్రొఫెసరు మళ్లీ చెత్తబుట్టలోనే దాచుకోవడం మొదలుపెట్టాడు. ఇక చెప్పి లాభం లేదని, వారానికోసారి చెత్త ఊడ్చే ప్రోగ్రాము ఆయన పెట్టె జోలికి పోకుండా మెయిలాయనే కట్టడి చేశాడు. ఆ సంగతి ప్రొఫెసరుకి ఈరోజుకీ తెలియదు.

ఈ పనులన్నీ ఒక ఎత్తు, ఇంకో పని ఒక ఎత్తు. ఎవరికి ఏ మెయిలు మీద అనుమానం వచ్చినా దాన్ని ఆయనకు పంపేవారు. లాటరీ తగిలిందన్నది కావచ్చు, ఖాతా మూసేస్తామన్న బెదిరింపు కావచ్చు, వైస్ చాన్సలరు పేరుతో అర్జంటుగా సాయం అడిగినది కావచ్చు. పదినిమిషాల్లో జవాబు వచ్చేది. మంచిదైతే ఒక్క మాట: "మనదే." దొంగదైతే రెండు మాటలు: "మనది కాదు." అంతకుమించి రాసేవాడు కాదు. ఆ ఒక్క మాట మీద ఏడువందల నలభై మంది నిశ్చింతగా నొక్కేవారు.

అలా నొక్కే ముందు ఏం చేయాలో ఆయన అందరికీ నేర్పాడు. లింకు మీద బాణం పెట్టి ఒక్క క్షణం ఆగితే, అది నిజంగా ఎక్కడికి తీసుకుపోతుందో ఆ అడ్రసు అడుగున కనిపిస్తుంది. అంతే విద్య. "అదంతా ఎందుకండీ, మిమ్మల్ని అడిగితే పోలా?" అనేవారు చాలామంది. అలా అన్నప్పుడు కసురుకున్నట్టు ముఖం పెట్టేవాడు గానీ లోపల ఆయనకు బాగుండేది.

నేర్పింది నేర్పినట్టు చేసే మనిషి ఒక్కతే, పరీక్షల విభాగంలో మార్కులు ఎక్కించే ఆవిడ. బాణం పెట్టి చూసి, అడ్రసు చదివి, ఆ తర్వాత కూడా ఆయన్ని అడిగేది. "నాది తాత్కాలిక ఉద్యోగం సార్, మీ అందరిలా నేను తప్పు చేయలేను" అనేది నవ్వుతూ. ఆరేళ్లుగా ఆర్నెల్లకోసారి ఆవిడ ఉద్యోగం పొడిగిస్తూ కాగితం వచ్చేది. "ఆర్నెల్లు దాటిన విషయం ఏదీ ఆలోచించడం మర్చిపోయాను సార్. కేలండరు కొన్నా సగమే చూస్తాను" అంది ఒకరోజు. ఎట్టకేలకు ఆమెను పర్మనెంటు చేసే ఫైలు కదిలింది. ఆ నెలాఖరున కమిటీ ముందుకు రావాలి. ఆ ఏడాది కేలండరు పన్నెండు నెలలూ చూసేయడమా, మళ్లీ సగం దగ్గర ఆగడమా అన్నది ఆ ఒక్క ఫైలు మీద ఉంది.

ఇక బావ సంగతి.

మెయిలాయన చెల్లెలి మొగుడే ఇప్పుడు కంప్యూటర్ సెంటరు డైరెక్టరు. పెళ్లి నాటికి పనీపాటా లేకుండా తిరుగుతుంటే, ఇదే గదిలో పక్కన కూర్చోబెట్టుకుని కేబులు కొస బిగించడం దగ్గర్నుంచి నేర్పాడు మెయిలాయన. బావ చురుకైనవాడు. నేర్పింది నేర్చుకున్నాడు, నేర్పనివి బయట కోర్సులు కట్టి నేర్చుకున్నాడు, పన్నెండేళ్లలో మెట్ల కింద నుంచి మెట్ల పైకి చేరాడు. అప్పటి నుంచి ఇంట్లో బావా, ఆఫీసులో సార్. ఇద్దరే ఉన్నప్పుడు ఏమనాలో తోచక మెయిలాయన ఒక్కోసారి "సార్ బావా" అనేవాడు. బావ పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు చూసి, మనవాడు మారలేదనుకునేవాడు మెయిలాయన.

ఒకరోజు మధ్యాహ్నం బావ కిందికి దిగొచ్చి, తలుపు దగ్గరకు వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బావా, అందరి పెట్టెలూ నిండిపోతున్నాయి. పాతవి తీసేసుకోమని ఒక మెయిలు పంపాలి. నేను రాస్తే సర్క్యులరు అనుకుని చదవకుండా పడేస్తారు. నువ్వు రాయి."

"నాకు రాయడం ఏం వచ్చు బావా?"

"నీ మాటలే కావాలి. నీ ధోరణిలో రాయి. నీ పేరు మీదే వెళ్తుంది. లింకు దగ్గర ఖాళీ వదులు, నేను పెట్టి పంపిస్తాను."

మెయిలాయన రెండు సాయంత్రాలు కూర్చుని రాశాడు. నాలుగుసార్లు కొట్టేశాడు. చివరకు ఇలా తేలింది: "అయ్యలారా, అమ్మలారా, మీ పెట్టెలు నిండాయి. ఇందులో మీ తప్పేం లేదు, ఉత్తరాలు ఎక్కువ రావడం మంచి సంగతే. కింది చోట నొక్కి పాతవి తీసేసుకోండి. టీ చల్లారేలోపు అయిపోయే పని. కంగారు పడకండి, ఏది పోయినా వెనక్కి తెచ్చిపెట్టే పూచీ నాది." బావ చదివి భుజం తట్టాడు. "ఇది చదివితే మా నాన్న కూడా నొక్కుతాడు బావా" అన్నాడు. మెచ్చుకోలు అనుకున్నాడు మెయిలాయన.

తొమ్మిది రోజుల తర్వాత, సోమవారం ఉదయం పది గంటలకు మెయిలు వెళ్లింది. పదీ అయిదు నుంచి మొదలయ్యాయి ప్రశ్నలు. "ఇది మీరు పంపిందేనా?" "నొక్కమంటారా?" "పాస్‌వర్డు అడుగుతోంది, ఇవ్వనా?" ఆయన ప్రతిదీ తెరిచాడు. తెరవగానే తన మాటలు కనిపించాయి. టీ చల్లారేలోపు అన్న మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో గుర్తొచ్చింది. కొంచెం గర్వంగా కూడా ఉంది. "మనదే", "మనదే", "మనదే" అని కొట్టుకుంటూ పోయాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ ఒక్కరోజే ఆయన బాణం పెట్టి చూడలేదు. తన చేతిరాత లాంటిది, దాన్నేం చూస్తాడు?

మార్కుల ఆవిడ ప్రశ్న పదకొండుకు వచ్చింది. "సార్, బాణం పెట్టి చూశాను. అడ్రసు మన యూనివర్సిటీది కాదు, ఏదో వేరేది కనిపిస్తోంది. మనదేనా?"

బావ కొత్త సర్వరు ఏదో తీసుకున్నాడేమో అనుకున్నాడు మెయిలాయన. అయిదారు జవాబుల మధ్యలో ఆవిడకూ రాసేశాడు. "మనదేనమ్మా, చేసేయండి."

బుధవారం సెంటరు నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. మెయిలులో అందరికీ పంపారు కూడా. బయటి కంపెనీ ఒకటి సిబ్బంది జాగ్రత్తను పరీక్షించడానికి సోమవారం ఉత్తుత్తి దొంగ మెయిలు పంపిందట. ఏడువందల నలభైలో దాదాపు అయిదువందల మంది లింకు నొక్కి పాస్‌వర్డు ఇచ్చేశారట. ఇదిగో వాళ్ల పేర్లు. మార్కులు, జీతాలు చూసే విభాగాల్లో ఉన్నవారి మీద తగు చర్య తీసుకోబడును. కింద డైరెక్టరు సంతకం.

మెయిలాయన బోర్డు ముందు నిలబడి చదివాడు. మళ్లీ చదివాడు. వెనక ఎవరో అన్నారు: "రాసింది ఈయనేనట కదా. మనల్ని పట్టించడానికి." ఆయన వెనక్కి తిరిగేసరికి అక్కడున్న నలుగురూ బోర్డు కేసి చూస్తున్నారు.

గదికి వచ్చేసరికి మార్కుల ఆవిడ నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక కాగితం బల్ల మీద పెట్టింది. పైన ఆవిడ ప్రశ్న, కింద ఆయన జవాబు.

"నేను చూశాను సార్. వేరే అడ్రసని రాశాను కూడా. మీరు చేసేయమన్నారు."

"నాకు తెలీదమ్మా. ఒట్టు, నాకు చెప్పలేదు."

"మీరే రాశారంటున్నారు అందరూ."

"రాసింది నేనే. కానీ..." ఆ 'కానీ' తర్వాత ఏం చెప్పినా అబద్ధంలా వినిపిస్తుందని ఆయనకే అర్థమైంది.

"నా ఫైలు ఆపేశారు సార్. వచ్చే గురువారం కమిటీ ముందుకు రమ్మన్నారు. ఈ కాగితం నేను చూపిస్తే, మీ మీద తోసేస్తున్నానంటారు. మీరు చెప్పండి. మీరు చెబితే నమ్ముతారు."

ఆ ఆఖరి మాటకు ఆయన తల ఎత్తలేకపోయాడు. "నేను చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు.

మెట్లెక్కి బావ గదిలోకి వెళ్లాడు. పిలవకుండా లోపలికి వెళ్లడం అదే మొదటిసారి.

"నాకెందుకు చెప్పలేదు?"

"కూర్చో బావా."

"నా మాటలతో నా మనుషుల్నే ముంచుతావా?"

"చెబితే అది పరీక్ష ఎలా అవుతుంది? గట్టి వల వేస్తేనే ఎంతమంది పడతారో తెలిసేది. ఈ యూనివర్సిటీలో నీ మాట కంటే గట్టి వల లేదు. అది నీ గొప్పే కదా!"

"గొప్పా?"

"సరే, ఒకటి అడుగుతాను. అరవై ఒక్క మంది నిన్ను అడిగారు. నీ పెట్టెకి వచ్చిన మెయిళ్ల లెక్క ఉంది నా దగ్గర. అరవై ఒక్క మందికీ మనదే అన్నావు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బాణం పెట్టి చూశావా?"

మెయిలాయన, "నేను రాసిందే కదా బావా అది" అన్నాడు.

"అదే మరి. నువ్వు కూడా పడ్డావని నేను ఎవరికీ చెప్పలేదు. జాబితాలో నీ పేరు పెట్టలేదు. నిన్ను కాచాను. ఇప్పుడు వాళ్ల ప్రశ్నలూ నీ జవాబులూ బయటికి తెస్తే పరీక్షే చెల్లదంటారు, నా పేరూ పోతుంది, నీ పేరూ పోతుంది." లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఆవిడ ఫైలే కదా నీ బాధ? నేను చూసుకుంటాను. కమిటీలో నేనూ ఉన్నాను. నువ్వు మాత్రం నోరు మెదపకు."

ఆ సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, ఆయన మీద ఏవో కాగితాలు పోగేస్తున్నావటగా?"

"ఆయన మీద కాదమ్మా..."

"నేను ఆ మనిషితో కాపురం చేయాలి అన్నయ్యా. నువ్వు కాదు. నువ్వే తెచ్చి పెట్టావు ఆ ఉద్యోగంలో, నువ్వే తీయిస్తావా?" మళ్లీ తనే, "ఆయన చూసుకుంటానన్నాడు కదా. మాట మీద నమ్మకం లేదా నీకు?" అంది.

ఉంది. అందుకే వారం రోజులు ఊరుకున్నాడు. ఆ వారంలో ఆయనకు వచ్చిన అనుమానం ప్రశ్నలు రెండే రెండు, అవీ కొత్తగా చేరిన వాళ్లవి. మార్కుల ఆవిడ మెట్ల దగ్గర రెండుసార్లు ఎదురైంది. మొదటిసారి "మాట్లాడారా సార్?" అంది. "చూస్తున్నారు, పరవాలేదు" అన్నాడు. రెండోసారి ఏమీ అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా ప్రింటరు చెడిందని పిలిచాడు. ఇరుక్కున్న కాగితం లాగుతుంటే దాని మీద ఆవిడ ఉద్యోగం హోదా కనిపించింది. మర్నాటి కమిటీ కోసం తీస్తున్న నోట్ అది. "భద్రతా పరీక్షలో విఫలం. మార్కుల బాధ్యతకు తగరు. కొనసాగింపు సిఫారసు చేయడం లేదు." కింద బావ సంతకం. రెండో పేజీలో ఇంకో సిఫారసు ఉంది: సిబ్బందికి అవగాహన లేదని పరీక్షలో రుజువైనందున, మెయిలు డెస్కును బయటి కంపెనీకి అప్పగించవలెను.

"వచ్చిందా?" అన్నాడు గుమాస్తా.

"వచ్చింది" అన్నాడు మెయిలాయన. కాగితం సాపు చేసి గుమాస్తా చేతికే ఇచ్చేశాడు. ప్రింటరు మూత రెండుసార్లు నొక్కితే గానీ పడలేదు. అన్నేళ్లుగా ఊళ్లో వాళ్లందరికీ దొంగ మాట ఏదో, మంచి మాట ఏదో చెప్పినవాడు, తన ఇంటి మనిషి ఎదురుగా కూర్చుని భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాటను పోల్చుకోలేకపోయాడు.

గురువారం పదకొండు గంటలకు కమిటీ గది బయట బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో ఫైలు. మెయిలాయన ఆవిడ ముందు నుంచి నడుచుకుంటూ వెళ్లి తలుపు తోశాడు. లోపల రిజిస్ట్రారు, లా ప్రొఫెసరు, బావ.

"మిమ్మల్ని పిలవలేదే?" అన్నాడు రిజిస్ట్రారు.

"పిలవలేదండి."

"పిలవకుండా వచ్చే సాక్షిని ఇన్నేళ్లలో ఇప్పుడే చూస్తున్నాను" అంది లా ప్రొఫెసరు, కళ్లజోడు సర్దుకుంటూ.

మెయిలాయన చేతిలోని కట్ట బల్ల మీద పెట్టాడు. అరవై ఒక్క కాగితాలు. పైన ఉన్నది ఆవిడది. చదివి వినిపించాడు. "ఆవిడ చూసిందండి. వేరే అడ్రసని చెప్పింది. నేనే చేసేయమన్నాను. మెయిలు రాసింది కూడా నేనే. పెట్టెలు ఖాళీ చేయించడానికని డైరెక్టరు గారు రాయించుకున్నారు. దేనికి వాడతారో నాకు చెప్పలేదు."

బావ తెరచిన ల్యాప్‌టాప్ వంకే చూస్తున్నాడు. లా ప్రొఫెసరు పెన్ను బల్లకు తాటించింది. "అంటే, అడ్రసు తప్పని తెలిసి కూడా పాస్‌వర్డు ఇచ్చింది. ఇది ఆమెకు అనుకూలమో ప్రతికూలమో ఆలోచించారా మీరు? ఎవరో చెప్పారని నొక్కడమేనా జాగ్రత్తంటే?"

మెయిలాయన కట్టలోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఇది మీదండి మేడమ్. మీరు అడ్రసు సంగతి ఎత్తలేదు. 'మీరు రాసినట్టే ఉంది, నొక్కేయనా' అని అడిగారు. మనదే అన్నాను. 'అయిపోయింది, థాంక్స్' అని మళ్లీ రాశారు. జాబితా రెండుసార్లు చదివానండి. మీ పేరు లేదు."

లా ప్రొఫెసరు కాగితం తీసుకుని చదివింది. తర్వాత తలెత్తి బావను చూసింది. బావ నీళ్లు నమిలాడు. "పెద్దల పేర్లు... గౌరవం కోసమని... కంపెనీ వాళ్లే సలహా ఇచ్చారు..."

"ఎంతమంది పెద్దలు?"

రిజిస్ట్రారు దగ్గి, ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసు ఒక అంగుళం పక్కకి జరిపి, మళ్లీ యథాస్థానంలో పెట్టాడు. ఆయన ప్రశ్న కూడా ఆ కట్టలో ఉంది. మెయిలాయన దాన్ని తీయలేదు. తీస్తాడేమోనన్న భయం ఆ ముఖంలో కనిపించింది, అది చాలు.

పావుగంటలో తేలిపోయింది. సాంకేతిక కారణాల వల్ల జాబితా ఉపసంహరించుకున్నారు. ఆవిడ ఫైలు మీద రిజిస్ట్రారు అక్కడే సంతకం పెట్టాడు. రెండో సిఫారసు మాత్రం ఎవరూ తీసేయలేదు. అడగకుండానే లా ప్రొఫెసరు వివరించింది: "అడ్రసు తప్పని చెప్పిన మనిషి మాట పక్కన పెట్టి, అరవై ఒక్క మందికి మీరు హామీ ఇచ్చారు కదా. ఆ కుర్చీలో మిమ్మల్ని ఎలా ఉంచుతాం చెప్పండి?" అందులో తప్పు పట్టడానికి ఆయనకు ఏమీ దొరకలేదు. వచ్చే నెల నుంచి స్టోర్సులో పని. బావ లేచి వెళ్తూ పక్కన ఒక్క క్షణం ఆగాడు. "మీ చెల్లెలికి నువ్వే చెప్పుకో" అని మెల్లగా అని వెళ్లిపోయాడు.

బయటికి వచ్చేసరికి, రిజిస్ట్రారు సంతకం పెట్టి బయటికి పంపిన కాగితం పట్టుకుని ఆవిడ వరండాలో నిలబడి ఉంది. కాగితాన్ని మడవలేదు. రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"లోపలి మాటలు వినిపించాయి సార్" అంది. "మీ కుర్చీ పోయిందటగా."

"పోతే పోయిందమ్మా. మీది నిలబడింది, అంతే చాలు."

ఆవిడ తల ఊపింది. వెళ్తుందనుకున్నాడు. వెళ్లలేదు.

"ఈ కాగితాలన్నీ మీ దగ్గర మొదటిరోజే ఉన్నాయి కదా సార్?"

"ఉన్నాయి."

"వారం రోజులు ఎందుకు ఊరుకున్నారు?"

"మా చెల్లెలి మొగుడమ్మా. చూసుకుంటానన్నాడు. నమ్మాను."

"నేనూ అంతే సార్. పరవాలేదు అన్నారు మీరు, నమ్మాను." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. "మొన్న ఆదివారం మా అమ్మకు చెప్పేశాను, ఉద్యోగం పోయిందని. ఇంకో పని చూసుకుంటానని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను కూడా. ఒకళ్లు పరీక్షల విభాగంలో ఏం తప్పు చేశావని అడిగారు. ఏం చెప్పాలో తెలియక నేనే ఏదో తప్పు చేశానని చెప్పాను."

ఆయన నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట ఏదో ఉందని తెలుస్తోంది. అది క్షమించమనడం కాదు, సంజాయిషీ కూడా కాదు. ఏదైనా ఆయన నోటి నుంచి వస్తే ఆవిడ ఇప్పుడు నమ్మాలో వద్దో చూసుకోవాలి. అందుకని మూసేశాడు.

పరీక్షల విభాగం నుంచి ఎవరో తొంగిచూసి ఆవిడను కేకేశారు, రెండో సంవత్సరం మార్కులు సాయంత్రంలోగా ఎక్కాలని. "వస్తున్నా" అని ఆవిడ కాగితం ఫైల్లో పెట్టుకుని, ఆయనకు దారి ఇస్తున్నట్టు గోడ పక్కకు జరిగి, తన సీటు వైపు నడిచింది.